ఐదో డౌన్

సెప్టెంబర్ 12, 1979. బుధవారం

నిన్నటితో వెర్నా అంత్యక్రియలన్నీ అయిపోయాయి. ఎండ బాగానే ఉంది. ఫ్రిజ్‌లో ఇరుగుపొరుగు వండి తెచ్చిన గిన్నెలు ఏడున్నాయి. ప్రతి గిన్నె అడుగున టేపు ముక్క, దాని మీద ఒక పేరు. కడిగి ఎవరివి వాళ్లకు ఇవ్వాలి.

సెప్టెంబర్ 15. శనివారం

ఆటకు వెళ్ళాను. ఈ ఒక్కసారికి రావద్దన్నారు. ఇంట్లో కూర్చుని చేసేదేమీ లేదు.

ఓస్‌బోర్గ్ కాలేజీ ఫుట్‌బాల్ మైదానంలో ఇరవై రెండేళ్లుగా అంకెల కర్ర నాదే. లోవెల్, వాళ్ల తమ్ముడు చెరో కొసా పట్టుకుని పది గజాల గొలుసు మోస్తారు. నేను కర్ర పాతి, పైన రేకు తిప్పుతాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. జీతం లేదు. రెండు సగాల మధ్య విరామంలో ఒక కప్పు కాఫీ ఇస్తారు.

"సర్వేయరు గారొచ్చారు. ఇవాళ గజానికి గజం ఉంటుంది," అన్నాడు లోవెల్. ఇంకేదో అనబోయి, చిక్కు పడని గొలుసుకు చిక్కు తీస్తూ కూర్చున్నాడు.

ఈ ఆట నాకు నేర్పింది వెర్నా. పెళ్లికి ముందు, వాళ్ల మొక్కజొన్న చేను పక్కన. పది గజాలు ముందుకు పోవాలి. అందుకు నాలుగు ప్రయత్నాలు. ఒక్కో ప్రయత్నాన్ని డౌన్ అంటారు. నాలుగింట్లో పోలేకపోతే బంతి అవతలివాళ్లకు ఇచ్చెయ్యాలి. "ఇంతే. మిగతాదంతా మగాళ్లు ఒకళ్లనొకళ్లు తోసుకోవడం," అంది.

27–3. ఓడిపోయాం.

సెప్టెంబర్ 19

నాలుగు గిన్నెలు ఇచ్చేశాను.

సెప్టెంబర్ 29. శనివారం

ఆట ఓడాక వెర్నా తమ్ముడు మెర్ల్ భోజనానికి వచ్చాడు. ఎదుటి కుర్చీలో, వెర్నా కుర్చీలో, కూర్చోలేదు. పక్కన కూర్చున్నాడు.

మెర్ల్‌కి నాలుగేళ్లప్పుడు వాళ్లమ్మ పోయింది. అప్పటి నుంచి పెంచింది వెర్నాయే. మా పెళ్లికి ముందే నాతో చెప్పింది, వాడూ మనతోనే ఉంటాడని. నేను సరేనన్నాను. పదకొండేళ్లుగా ఓస్‌బోర్గ్ జట్టుకు కోచ్ అతనే. ఈ ఏడాది ఇంతవరకు ఒక్కటీ గెలవలేదు. ఆఖరి ఆట కాగానే ఒకసారి మాట్లాడుకుందామని కాలేజీ ప్రెసిడెంటు కబురు పెట్టాడట.

"మాట్లాడటం అంటే?" అన్నాను.

"మాట్లాడటం కాదు బావా, సాగనంపటం. కాఫీ కూడా ఇస్తాడు."

"ఎన్ని గెలిస్తే ఉంచుతాడు?"

"ఒకటి గెలిస్తే నా మొహం చూసి మాట్లాడతాడు. రెడ్‌మండ్ మీద గెలిస్తే విగ్రహం పెట్టిస్తాడు."

"రెడ్‌మండ్ మీద గెలిచి పంతొమ్మిదేళ్లయింది."

"అందుకే విగ్రహం."

నవ్వాడు. బంగాళదుంపలు రెండోసారి వడ్డించుకున్నాడు గానీ తినలేదు. వెళ్లేటప్పుడు వాకిట్లో నిలబడి, ఈ ఊళ్లో తప్ప ఇంకెక్కడా తను ఉండలేదని, వేరే పని రాదని, నలభై మూడేళ్ల వాడిని ఎవరూ కొత్తగా తీసుకోరని అన్నాడు. వెర్నా అయితే ఏదో ఒకటి చెప్పేది. నేను అతని కోటు మీద ఉన్న గడ్డిపరక తీశాను.

అక్టోబర్ 6

31–0.

అక్టోబర్ 13

పై ఊళ్లో ఆట. వెళ్లలేదు. వాన. రేడియో పెట్టి, ఆపేశాను.

అక్టోబర్ 20. శనివారం

రెడ్‌మండ్ మీద గెలిచాం. 13–10.

మెర్ల్‌ని భుజాల మీద ఎత్తుకున్నారు. నేను కర్ర కొట్టులో పెట్టి తాళం వేసి ఇంటికొచ్చాను.

అక్టోబర్ 21. ఆదివారం

చర్చి తర్వాత బేస్‌మెంట్లో కాఫీ దగ్గర అందరూ ఒకేసారి మాట్లాడారు. మూడేళ్లుగా ఎవరి చేతిలోనూ ఓడని రెడ్‌మండ్. కుర్రాళ్లు గోల్ స్తంభాలు కోసి, మెయిన్ వీధంతా మోసుకెళ్లి, బ్యాంకు మెట్ల మీద పడేశారు. పోలీసాయన చూస్తూ ఊరుకున్నాడట. చూడటమే కాదు, ఒక చివర పట్టుకున్నాడని లోవెల్ అన్నాడు.

"ఆఖరున సర్వేయరు గారి చేతిలో నాలుగు చూసేసరికి నా గుండె గొంతులోకొచ్చింది," అన్నాడు లోవెల్ పాస్టర్‌తో. "ఈయన మాత్రం తపాలా పెట్టెలా నిలబడ్డాడు."

"దేవుడు ఓస్‌బోర్గ్ పక్షమని నేననను," అన్నాడు పాస్టర్. "పంతొమ్మిదేళ్లు ఎటు చూశాడో కూడా అడగను."

ప్రెసిడెంటు అందరి ముందూ మెర్ల్ చెయ్యి పట్టుకుని, ఇంకో రెండేళ్ల ఒప్పందం సోమవారమే రాసిస్తానన్నాడు. మెర్ల్ నా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. వెర్నా గుర్తొచ్చి ఉంటుంది.

ఆఖరి నిమిషాలు రాసి పెట్టుకుంటాను. 10–7తో వెనకబడి ఉన్నాం. ఇంకా రెండు నిమిషాలు లేదు. వాళ్ల గోల్ గీతకు ఎనిమిది గజాల దూరంలో మాకు మొదటి డౌన్. గీత అంత దగ్గరైతే గొలుసు అక్కర్లేదు. లోవెల్ వాళ్లు దాన్ని కింద పెట్టేశారు. నా కర్ర ఒక్కటే. మొదటి దాంట్లో ఐదు గజాలు. రెండో దాంట్లో ఏమీ రాలేదు, రెడ్‌మండ్ కుర్రాడికి మోకాలు విరిగింది, స్ట్రెచర్ తెచ్చారు. తర్వాతి దాంట్లో ఒక గజం. ఆ తర్వాత బంతి విసిరారు, ఎవరికీ అందకుండా గీత అవతల నేల మీద పడింది. ఆ తర్వాత మధ్యలోంచి తోసుకుని వెళ్లి గోల్.

ఒకటి ఎక్కువ వస్తోంది. నిద్ర సరిగా లేదు. రేపు మళ్లీ రాస్తాను.

అక్టోబర్ 22. సోమవారం

డెమాయిన్ నుంచి శనివారం ఆట ఫిల్ము కడిగి వచ్చింది. సాయంత్రం చర్చి బేస్‌మెంట్లో వేశారు. ప్రతి సోమవారం వేస్తారు. మామూలుగా పదిహేను మంది వస్తారు, ఇవాళ గోడల వెంట కూడా నిలబడ్డారు. తినడానికి చిల్లీ మాంసం కూర, దాల్చినచెక్క రోల్స్.

మెర్ల్ దగ్గర తీగ చివర మీట ఉంటుంది. ఒక్కో డౌన్‌ను ముందుకూ వెనక్కూ నడిపి, ఎవడు ఎక్కడ కాలు వేశాడో చూపిస్తాడు. నచ్చినదాన్ని పదిసార్లు వేస్తాడు. జనం ఆ పదిసార్లూ అరుస్తారు.

ఆఖరి ఎనిమిది గజాల దగ్గరకొచ్చేసరికి, మొదటి రెండు డౌన్లూ ఆపకుండా ఒక్కోసారే వేశాడు. మూడో దాన్ని ముందుకూ వెనక్కూ తిప్పాడు. నాలుగు, ఐదుసార్లు. బంతి అవతల పడినదాన్ని ఇంకో నాలుగుసార్లు. గోల్ ఎన్నిసార్లో లెక్కలేదు. అన్నిసార్లు తిప్పాక ఎన్ని డౌన్లు జరిగాయో ఎవరికీ తెలియదు.

లోవెల్ నా భుజం తట్టి, "చిల్లీ చల్లారిపోతోందండీ," అన్నాడు.

నేను లెక్కపెట్టాను. ఐదు.

అక్టోబర్ 23. మంగళవారం

గీత పక్కనుండే అంపైరు, లైన్స్‌మన్, సైగ చెయ్యనిదే రేకు తిప్పకూడదు. అది రూలు. మా లైన్స్‌మన్ వెండెల్ సైగ చెయ్యలేదేమో. అతను చెయ్యకపోతే నేను తిప్పకపోవడం తప్పు కాదు.

అదే రోజు

వెండెల్ చేశాడు. చెయ్యి ఎత్తడం చూశాను.

జరిగింది రాస్తాను. డౌన్ లెక్క మర్చిపోకుండా అంపైర్లు వేలికి రబ్బరుబ్యాండు వేసుకుంటారు. మొదటి డౌన్‌కు చూపుడువేలు, రెండోదానికి మధ్యవేలు, అలా మారుస్తూ పోతారు. నాకు ఆ అలవాటు వెండెల్ నుంచి వచ్చింది. శనివారం పేపరుకు చుట్టి వచ్చే రబ్బరు తీసి వెర్నా నా కోటు జేబులో వేసేది. ఈ ఏడాది జేబులో పోయిన నవంబరుది ఒకటి మిగిలి ఉంది. ఐదు వారాలు దానితోనే వచ్చాను. రెడ్‌మండ్ ఆటలో మూడో భాగంలో అది తెగిపోయింది. పేపరు రబ్బర్లు వంటింట్లో సొరుగు నిండా ఉన్నాయి. జేబులో వేసుకోవాలని తోచలేదు.

రెండో డౌన్ అయింది. కుర్రాడు పడ్డాడు. వెండెల్ చెయ్యెత్తాడు. అప్పుడే స్ట్రెచర్ తెచ్చారు. నలుగురు మోసే పద్ధతి, దుప్పటి కప్పే పద్ధతి నాకు తెలుసు. అది చూడకూడదని మొహం తిప్పాను. తిప్పినచోట గ్యాలరీ ఆరో వరస ఉంది. ఆరో వరసలో జనం ఇరుక్కుని కూర్చున్నారు. వెర్నా చోటు మాత్రం ఖాళీ. పక్కవాళ్లు చెరో వైపుకి ఒదిగి, ఒక మనిషి పట్టేంత జాగా వదిలారు. ఎవరూ చెప్పి ఉండరు. ఎన్ని ఆటల నుంచి అలా వదులుతున్నారో.

మళ్లీ మైదానం చూసేసరికి ఆట మొదలవుతోంది. నా చేతిలో రెండు ఉంది. మూడు ఉండాలి. అలాగే ఉండిపోయింది. రెడ్‌మండ్ వాళ్లు వాళ్ల కుర్రాడి దగ్గరున్నారు. అంపైర్లు నా కర్ర చూశారు.

నాలుగో డౌన్‌లో బంతి అవతల పడింది. అక్కడితో మేం ఓడిపోయాం.

అక్టోబర్ 24

మెర్ల్‌కి చెప్పాలి. ఒప్పందం మీద సంతకాలు సోమవారమే అయ్యాయి.

అక్టోబర్ 26

చెప్పలేదు. చాలా ఏళ్ల కిందట తూర్పున ఎక్కడో ఇలాగే జరిగితే, గెలిచిన కాలేజీ తనంతట తానే గెలుపు వెనక్కి ఇచ్చేసింది. వాళ్లు పెద్ద కాలేజీ. గెలుపులకు కొదవ లేదు.

అక్టోబర్ 29. సోమవారం

లీగు ఆఫీసుకు ఉత్తరం రాశాను. అంకె మార్చనిది నేను, తప్పు నా ఒక్కడిది, మైదానంలో ఉన్న ఇంకెవరిదీ కాదు. రెండు చోట్ల మాటల కింద గీత గీశాను. మెర్ల్ పేరు ఎక్కడా రాయలేదు. మెర్ల్‌కి ఏమీ తెలియదు కనక.

నవంబర్ 1

ఉత్తరం ఇంకా నా దగ్గరే ఉంది.

నవంబర్ 2

పోస్ట్ చేశాను. మిగిలిన మూడు గిన్నెలూ ఇచ్చేశాను.

నవంబర్ 7. బుధవారం

జవాబు వచ్చింది. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ దించుతున్నాను.

"అంకెల కర్ర పట్టుకునే వ్యక్తి ఆట అధికారి కాడు. డౌన్ల లెక్కకు లైన్స్‌మన్‌దే బాధ్యత. ఆట ముగిసినందున ఫలితంలో మార్పు ఉండదు. లైన్స్‌మన్ శ్రీ వెండెల్ స్ట్రాండ్‌ను లీగు అధికారుల జాబితా నుంచి తొలగించడమైనది. ఈ ఉత్తరం ప్రతులు రెండు కాలేజీలకు పంపడమైనది. మీ నిజాయితీకి కృతజ్ఞతలు."

వెంటనే ఫోన్ చేశాను. ఒక అమ్మాయి తీసింది. తప్పు నాదని చెప్పాను. "అవునండీ, మీ ఉత్తరం ఫైల్లో ఉంది," అంది. వెండెల్‌ని మళ్లీ తీసుకోవాలంటే ఏం చెయ్యాలని అడిగాను. అప్పీలు అధికారులే చేసుకోవాలట, నేను అధికారిని కానట. చాలా మర్యాదగా చెప్పింది.

మీరు చేసింది గానీ చెయ్యనిది గానీ ఏమీ లేదండీ అని ఆగస్టులో వెర్నా డాక్టరు కూడా అన్నాడు. ఆయనా మర్యాదస్తుడే.

నవంబర్ 8. గురువారం

వెండెల్ దాణా కొట్టుకు వెళ్లాను. మొక్కజొన్న తూస్తున్నాడు. తూకం అయ్యేదాకా నన్ను చూడలేదు.

"ముందు నాకు ఫోన్ చెయ్యాల్సింది, ఆర్విడ్."

"తప్పు నాదని రాశాను."

"చదివాను. బాగా రాశావు. గీతలు కూడా గీశావు. వాళ్లకు కావల్సింది నీ పేరు కాదు."

"నువ్వు చెయ్యెత్తావు. నేను చూశాను. అదే వెళ్లి చెప్తాను."

"ఎత్తానా?" అన్నాడు. "నాకు గుర్తులేదు. ఆ పిల్లాడి మోకాలు చూస్తున్నా. నా వేలికీ రబ్బరుంది. ఒక్కసారి వేలు చూసుకుంటే సరిపోయేది. నీ కర్ర చూశాను. ఇరవై ఒక్క ఏళ్లుగా నీ కర్రే చూస్తున్నా. ఎన్నడూ తప్పలేదు."

ఒకాయన కోళ్ల దాణా కోసం వచ్చాడు. వెండెల్ అతనికి బస్తా ఎత్తాడు. నేను రెండో చివర పట్టుకోబోయాను.

"వద్దులే. నడుం పట్టేస్తుంది," అన్నాడు.

గుమ్మం దాటుతుంటే వెనక నుంచి, "శనివారాలు ఏం చేసుకోవాలో మా ఆవిడ అడుగుతోంది," అన్నాడు. ఎగతాళి కాదు. నిజంగానే అడిగాడు, నాకు తెలుసేమోనని.

నవంబర్ 10

పై ఊళ్లో ఆట. 24–6.

నవంబర్ 11. ఆదివారం

మధ్యాహ్నం మెర్ల్ వచ్చాడు. ఉత్తరం ప్రతి ప్రెసిడెంటు చూపించాడట. చూపించి, సొరుగులో పెట్టి, ఫలితం మారలేదు కనక ఒప్పందమూ మారదన్నాడట. స్తంభాలు మోసిన కుర్రాళ్ల తల్లిదండ్రులు ఈ నెలలోనే కాలేజీకి చందాలు పంపారు. ఇది మన మధ్యే ఉండనీ అన్నాడట.

నేను కాఫీ పోశాను. ఈసారి మెర్ల్ ఎదుటి కుర్చీలోనే కూర్చున్నాడు.

"ఎందుకు రాశావు బావా?"

"నీకు చెప్పకుండా రాయడం తప్పే."

"అది కాదు. నాకు తెలిసిందేగా. ఎందుకు రాశావని."

"నీకు తెలుసా?"

"నాలుగోది అయ్యాక బంతి వాళ్లకిచ్చేద్దామని మైదానంలోకి రెండడుగులు వేశాను. చిన్నప్పటి నుంచి లెక్కపెట్టేవాణ్ణి, నాకు తెలియదూ? అప్పుడు నీ చేతిలో నాలుగు తిరిగింది. నిన్ను చూశాను. నువ్వు ఎటూ చూడట్లేదు. రాయిలా ఉన్నావు. వెనక్కొచ్చి ఇంకో డౌన్ ఆడమని కుర్రాళ్లకు సైగ చేశాను."

ఫిల్ము ఎందుకలా తిప్పాడో నేను అడగలేదు.

"నీకు నేను థాంక్స్ కూడా చెప్పలేదు," అన్నాడు. "ఎలా చెప్పాలో తెలియలేదు. చెప్తే నువ్వు కాదంటావు. ఒక్క గజం కూడా వదలని మనిషివి. గుడ్డివాడి పొలం కొలిచినా అంగుళం తేడా రానివ్వని మనిషివి. అలాంటివాడివి అందరి ముందూ నిలబడి, నా కోసం..." ఆగాడు. "అక్కయ్య చెప్పిందా నీకు? వాణ్ణి చూసుకోమని?"

వెర్నా ఏమీ చెప్పలేదు. ఆఖరి తొమ్మిది రోజులు మాట్లాడలేదు.

ఇక్కడ నేను ఊరుకుని ఉండొచ్చు. అవునని కూడా అననక్కర్లేదు, కాఫీ పోస్తే చాలు. వెండెల్ లైన్స్‌మన్ పని పోయింది, ఆట ఫలితం నిలిచింది, ఒప్పందం నిలిచింది. నా నిజం వల్ల ఇంతవరకు ఎవరికీ మేలు కలగలేదు. ఇవన్నీ అప్పుడే తోచాయని రాస్తే అబద్ధం. ఇప్పుడు రాస్తుంటే తోస్తున్నాయి.

"లేదు," అన్నాను. "నేను చెయ్యలేదు. మర్చిపోయాను."

"ఏమిటి?"

"స్ట్రెచర్ వచ్చినప్పుడు అటు చూడలేక ఆరో వరస వైపు చూశాను. అంకె తిప్పడం మర్చిపోయాను. అంతే, మెర్ల్. నీ గురించి ఆ క్షణంలో ఆలోచించనే లేదు."

కప్పు పక్కకు జరిపాడు. 

"అది మాత్రం చెప్పకుండా ఉండాల్సింది, బావా."

"అబద్ధం..."

"గెలవలేదని నాకు తెలుసు. ఆ రోజే తెలుసు. గెలుపు లేకపోయినా బతకొచ్చు, పదకొండేళ్లు బతికాను. కానీ ఒక మనిషి నా కోసం తప్పు చేశాడనుకున్నా. అక్కయ్య పోయాక అలాంటి మనిషి ఒకడు మిగిలాడనుకున్నా. మూడు వారాలు అదే అనుకుంటూ నిద్రపోయాను."

నేను ఏదో ఒకటి అనాలి. వెర్నా అయితే అనేది. అతని భుజం మీద చెయ్యి వేద్దామనుకున్నాను. మధ్యలో బల్ల ఉంది. లేచి చుట్టూ తిరిగి వెళ్లేసరికి అతను కోటు వేసుకుంటున్నాడు.

"ఆఖరి ఆటకు వస్తావుగా," అన్నాడు. కోచ్ గొంతుతో.

"కర్ర లోవెల్‌కి ఇచ్చేద్దామనుకుంటున్నా."

"వాడికి పది దాకా లెక్క రాదు. నువ్వే రా."

నవంబర్ 14

రెండు రోజులు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ప్రాక్టీసులో ఉండి ఉంటాడు.

నవంబర్ 15

ప్రాక్టీసు ఐదింటికి అయిపోతుంది. ఏడింటికి చేశాను.

నవంబర్ 17. శనివారం

ఆఖరి ఆట. నేల గట్టిగా గడ్డకట్టింది, కర్ర దిగలేదు. ఆట మొత్తం చేత్తో నిలబెట్టి ఉంచాల్సి వచ్చింది. కొత్త లైన్స్‌మన్ కుర్రవాడు. ప్రతిసారీ ఎన్నో డౌనో వేళ్లు నా మొహం మీదకు తెచ్చి చూపించాడు, చెవిటివాడికి చూపినట్టు. ఎవరో చెప్పి ఉంటారు.

లోవెల్ ఒక్క జోకూ వెయ్యలేదు. ఆరో వరసలో ఖాళీ చోటు అలాగే ఉంది. ఒక్కసారే చూశాను, విరామంలో.

నూట ముప్ఫై ఒక్క డౌన్లు. అన్నీ సరిగ్గా తిప్పాను. 38–0తో ఓడాం.

మెర్ల్ మా వైపు చూడలేదు. డౌన్ ఎంతో తెలియాలంటే కోచ్‌లు కర్ర చూస్తారు, దగ్గరగా ఉంటుంది. అతను ప్రతిసారీ మెడ తిప్పి, మైదానం చివరనున్న స్కోరుబోర్డు చూశాడు. ఆ బోర్డు మీద అంకె మార్చే మనిషి నా కర్ర చూసే మారుస్తాడు. మెర్ల్‌కి అది తెలుసు. అయినా అటే చూశాడు.